వదిన బాల్కనీలో లెమన్ బామ్

మా వదిన పిరికిది. ఈ మాట ఆమె మొహం మీదే వందసార్లు అన్నాను కాబట్టి ఇక్కడ రాయడానికి నాకేం మొహమాటం లేదు. అలాగని బల్లిని చూసి కుర్చీ ఎక్కే రకం కాదు. బల్లిని చీపురుతో తోలేస్తుంది. ఫ్యూజు పోతే స్టూలు వేసుకుని తనే వేస్తుంది. పక్కింటి కుక్క గొలుసు తెంపుకుని మా మెట్లెక్కితే, దాని మెడ పట్టుకుని కిందికి దించి వచ్చింది. ఆమెకున్నది ఒకే ఒక్క భయం. అది మా అన్నయ్య గురించి.

అన్నయ్య టవర్ క్రేన్ నడుపుతాడు. పొద్దున ఏడింటికి నిచ్చెన ఎక్కడం మొదలుపెడితే పైకి చేరడానికి ఇరవై నిమిషాలు. అక్కడ అద్దాల గదిలో ఒక్కడే కూర్చుని ఇనుమూ సిమెంటూ గాలిలో తిప్పుతుంటాడు. మధ్యాహ్నం అన్నానికి ఒకసారి దిగుతాడు, మళ్లీ ఎక్కుతాడు. ఆరేళ్లుగా ఇదే పని. ఆరేళ్లుగా మా వదిన ప్రాణం అరచేతిలో పెట్టుకునే ఉంది.

ఆమె ఇంట్లోనే ఇస్త్రీ చేస్తుంది. క్లినిక్కు వాళ్ల తెల్లకోట్లు, దుప్పట్లు, దిండు గలేబులు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసింది. వెలుతురు కోసమని అందరికీ చెబుతుంది గానీ, అసలు సంగతి నాకు తెలుసు. నాలుగు వీధుల అవతల ఆరేళ్లుగా ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న కట్టడాల మీద క్రేను పసుపు చెయ్యి ఆ కిటికీలోంచి కనబడుతుంది. ఆ చెయ్యి తిరుగుతుంటే ఇస్త్రీపెట్టె తిరుగుతుంది. అది ఆగితే పెట్టె కూడా ఆగుతుంది. అలా ఆగిన చోటే ఆగి క్లినిక్కు దుప్పట్లు రెండు మాడాయి. కింద వీధిలోకి ఉన్న జిరాక్సు కొట్టు నాది. కొట్టు వెనక గదిలో ఉంటాను, తిండి మాత్రం పైన వదిన దగ్గరే. గుడ్డ మాడిన వాసన వచ్చిందంటే క్రేను ఆగిందని నాకు కింద కూర్చునే తెలిసిపోయేది.

మూడేళ్ల కిందట, ఈదురుగాలి వీచిన రోజు, అన్నం తింటూ తింటూ అన్నయ్య ఒక మాట అన్నాడు. "ఇవాళ పైన చేతులు వణికాయే."

అంతే. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అన్నాడు. వదిన చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఎంతసేపు వణికాయి, అప్పుడు కింద మనుషులున్నారా, డాక్టరుకు చూపిద్దామా అని ఆమె ఎన్ని అడిగినా గాలి, గాలి అని ఒకటే జవాబు. మర్నాటి నుంచి ఆ సంగతి ఎత్తితే కంచం ముందునుంచి లేచిపోయేవాడు. మా అన్నయ్య నోట్లోంచి మాట రావడమే గగనం, వచ్చిన ఆ ఒక్క మాటా ఆమెకు నిద్ర లేకుండా చేసింది. లీవరు మీద చెయ్యి ఒక్కసారి అదిరితే చాలు, పైనుంచి టన్ను ఇనుము వచ్చి కింద ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. పడితే ఈయన జైల్లో, పడినవాడు మట్టిలో. ఇది ఆమె నాకు రోజూ అప్పజెప్పే పాఠం.

క్లినిక్కు కోట్లు తెచ్చే నర్సమ్మ ఆ రోజుల్లోనే ఒక ఆకు గురించి చెప్పింది. లెమన్ బామ్ అంటారట. వేడినీళ్లలో వేసుకుని తాగితే గుండెదడ తగ్గుతుంది, నరాలు నెమ్మదిస్తాయి, వాళ్లమ్మ ఎప్పుడూ ఇంట్లో పెంచేదని చెప్పింది. వదిన ఆ సాయంత్రమే విత్తనాల షాపుకు వెళ్లి పొట్లం తెచ్చింది.

ఆ గింజలు చూసి నాకు నవ్వొచ్చింది. ఆవగింజ వాటి పక్కన కొబ్బరికాయ. అన్నయ్య సైటు నుంచి తెచ్చిన ఖాళీ పెయింటు డబ్బాకు అడుగున మేకుతో చిల్లులు కొట్టి, మట్టీ ఇసుకా ఎరువూ కలిపి నింపి, వేలితో గుంటలు చేసి గింజల్ని లోతుగా పాతిపెట్టింది. ఇరవై రోజులు భక్తిగా నీళ్లు పోసింది. మట్టి మట్టిలాగే ఉంది. మట్టికి స్నానం చేయిస్తున్నావా వదినా అని నేను రోజూ ఏడిపించేదాన్ని. చివరికి షాపాయన్ని అడిగితే, ఈ గింజ వెలుగు చూస్తేగానీ మొలవదు, పైన మట్టి కప్పకూడదు, చల్లి అరచేత్తో అదిమి వదిలేయాలి అన్నాడట. రెండోసారి అలాగే చేసింది. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయని, ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిలుతో పొద్దునా సాయంత్రం తుంపర కొట్టేది. పన్నెండో రోజున చూస్తే సూదిమొనంత పచ్చదనం. ఆ డబ్బాను ఎత్తుకుని మెట్లు దిగి నా కొట్టులోకి తెచ్చి చూపించింది. కౌంటరు ముందు నిలబడ్డవాళ్లు తమ కాగితాలు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు.

నాలుగేసి ఆకులు వచ్చాక విడదీసి వేరువేరు డబ్బాల్లో నాటింది. మా బాల్కనీలో ఎండ పదింటి దాకా ఉండి వెళ్లిపోతుంది. ఆ మొక్కకు సరిగ్గా అదే కావాలి. రోజంతా ఎండలో పెడితే ఆకు అంచులు మాడి పాలిపోతుంది. నీళ్లు కూడా చూసి పోయాలి, మట్టిలో వేలు మొదటి కణుపు దాకా దించి, పొడిగా తగిలితేనే పోయాలి. అడుగున నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. డబ్బాలు మరీ దగ్గరగా పెట్టిన సంవత్సరం ఆకుల మీద తెల్లటి బూజు లేచింది. ఆ కొమ్మలన్నీ కోసి పారేసి, గాలి ఆడేలా డబ్బాలు ఎడంగా సర్దింది. చూడ్డానికి అచ్చం పుదీనా, కాస్త వెడల్పు, కాస్త లేత రంగు. నలిపితే నిమ్మతొక్క వాసన. నేను గుడ్డ ఆరేయడానికి వెళ్లి మోచెయ్యి తగిలినా చాలు, బాల్కనీ అంతా ఆ వాసనే.

మొదట్లో రోజుకు ఆరాకులు. మరిగి కాస్త చల్లబడ్డ నీళ్లలో వేసి, వాసన పోకుండా వెంటనే మూతపెట్టి, పది నిమిషాలాగి వడకట్టి, చెంచాడు తేనె కలిపి అన్నయ్య ఫ్లాస్కులో పోసేది. నిమ్మ టీ అని చెప్పింది. నీ చేతుల వణుక్కి మందు అని చెబితే ఆ మనిషి ఫ్లాస్కును వేలితో కూడా తాకడని ఆమెకు తెలుసు. సాయంత్రం ఫ్లాస్కు ఖాళీగా తిరిగొచ్చేది. దాన్ని కడిగి బోర్లించేటప్పుడు వదిన మొహం కాస్త తేటపడేది. నాకు తెలిసి రోజు మొత్తంలో ఆమె హాయిగా ఊపిరి తీసుకున్నది ఆ ఒక్కసారే.

ఆకు ఎక్కువ వేయాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆకే ఎక్కువైంది. మొగ్గ కనబడగానే కత్తిరించాలి, లేకపోతే పూతకు వచ్చి ఆకు ముదిరిపోతుంది, వాసన పోతుంది. సగానికి సగం కోసేస్తే కోసిన ప్రతిచోటా రెండు కొమ్మలు లేచేవి. వేళ్లు డబ్బా నిండా అల్లుకుంటే మొక్కను పెళ్లగించి కత్తితో రెండుగా చీల్చి రెండు డబ్బాల్లో పెట్టాలి. అలా ఒకటి రెండై, రెండు నాలుగై, మూడో ఏటికి పదకొండు డబ్బాలయ్యాయి. కోసింది పారేయడం మా వదినకు చేతకాదు. ఆరాకులు గుప్పెడయ్యాయి. ఈ ఏడు వానలకు గుప్పెడు కాస్తా రెండు దోసిళ్లయింది. ఒకరోజు రుచి చూద్దామని నేను గ్లాసెడు తాగి, కొట్టులో కౌంటరు మీద తలవాల్చి గంటసేపు నిద్రపోయాను. లేచి చూస్తే ఎవరో నా మిషను మీద తమ కాగితాలు తామే తీసుకుని వెళ్లిపోయారు. ఆ సంగతి వదినకు చెప్పలేదు. చెబితే నా సోమరితనం మీద ఓ గంట వాయిస్తుందని ఊరుకున్నాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

పోయిన నెలలో ఒక సోమవారం అన్నయ్య జలుబు మాత్రలు అడిగాడు. వదిన ఇంట్లో ఉన్న అట్ట తీసిచ్చింది. మర్నాడూ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. ఆయన తుమ్మిన చప్పుడు మాకెవరికీ వినపడలేదు. పైన చల్లగాలికి పట్టిందేమో, ఇంట్లో బాగానే ఉంటున్నాడని వదిన సర్దిచెప్పుకుంది.

గురువారం పదిన్నరకు ఆమె ఇంకో అట్ట కొనడానికి కిందికి దిగింది. మందుల షాపు నా కొట్టుకు ఆనుకునే ఉంటుంది, ఆ గోడ ఎంత పలచనంటే అవతల చిల్లర లెక్కపెట్టినా ఇవతల వినపడుతుంది. షాపాయన అట్ట ఇస్తూ, ఎవరికి అని అడిగాడు. మా ఆయనకు అంది. ఏం పని చేస్తాడని అడిగాడు. క్రేను అంది.

ఆయన అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. "ఇది వేసుకుని సైకిలు కూడా తొక్కకూడదమ్మా. మత్తుగా ఉంటుంది. క్రేను ఎలా ఎక్కనిచ్చారు?"

వదిన ఆకు సంగతి కూడా చెప్పేసింది. మూడేళ్ల సంగతీ, రెండు దోసిళ్ల సంగతీ. అది కూడా నిద్ర తెచ్చేదే, రెండూ కలిస్తే కొందరికి కళ్లు మూతలు పడిపోతాయి అన్నాడాయన. నేను కౌంటరు మీద పడి నిద్రపోయిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. బయటికి పరుగెత్తాను. వదిన వీధిలో నిలబడి పైకి చూస్తోంది. ఇళ్ల కప్పుల మీదుగా పసుపు చెయ్యి కనబడుతోంది. దాని కొసన తాడుకు ఏదో కట్ట వేలాడుతోంది. చెయ్యి కదలడం లేదు.

కదులుతుందేమోనని ఇద్దరం చూశాం. వంద అంకెలు లెక్కపెట్టాను. కదల్లేదు.

ఫోను చేద్దామంటే క్రేను నడిపేవాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. సైటు ఆఫీసు నంబరు మాకెవరికీ తెలియదు. భర్త ప్రాణం కోసం ఆరేళ్లు వణికిన మనిషి ఆ నంబరు ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఎందుకని ఆయన అడుగుతాడని భయం. నేను షట్టరు కూడా దించకుండా స్కూటరు తీశాను. వెనక కూర్చున్న వదిన నా భుజాన్ని పట్టుకున్న పట్టుకు నాలుగు వేళ్ల గుర్తులు రెండు రోజులు పోలేదు. దారంతా ఆమె ఒకటే మాట. "నేనే చంపుకున్నానే. నా చేత్తో నేనే కలిపిచ్చాను."

గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. హెల్మెట్లు లేవు, పేర్లు రాయాలి, ఆఫీసులో అడగాలి అన్నాడు. నేను నోరు పెద్దది చేసేలోపే వదిన అతని చెయ్యి కింద నుంచి దూరి లోపలికి వెళ్లిపోయింది. ఆరేళ్లలో ఆ గేటు దాటడం ఆమెకు అదే మొదలు. నేను వెనక పరుగెత్తాను, కాపలాదారు నా వెనక.

లోపలికి వెళ్లాక తలెత్తితే పైనున్న గది అగ్గిపెట్టెంత ఉంది. అద్దం మీద ఆకాశం మెరుస్తోంది, లోపల మనిషి ఉన్నాడో ఒరిగాడో ఏమీ తెలియడం లేదు. కొన్ని అడుగుల ముందు, నాలుగైదు అంతస్తుల ఎత్తులో, ఇనప చువ్వల కట్ట వేలాడుతోంది. గాలికి మెల్లగా అటు సగం, ఇటు సగం తిరుగుతోంది. దాని కింద, లిఫ్టు కోసం లేపిన గోడ పక్క నీడలో, ఇటుకల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెకు ఆనింది. మెడలో ఈల. నడుముకు కట్టుకున్న వాకీటాకీలోంచి మా అన్నయ్య గొంతు, "ఈలన్నా... ఈలన్నా... ఎక్కడున్నావ్?"

బతికే ఉన్నాడు, మేలుకునే ఉన్నాడు. సంతోషం ఒక్క క్షణమే. ఈలన్న అంటే కింద నిలబడి చేతులతో, ఈలతో సైగలు చేసే మనిషి. దించు, ఆపు, పక్కకు జరుపు, అన్నీ ఆయనే చెప్పాలి. పైవాడికి కింద ఏముందో ఈయన కళ్లతోనే తెలియాలి. ఆ గోడ అడ్డం ఉండడం వల్ల ఈలన్న సరిగ్గా ఎక్కడ కూర్చున్నాడో అన్నయ్యకు కనబడడం లేదు. కింద ఎవరూ లేరనుకుని దించాడంటే దిగేది ఈలన్న మీదే.

వదిన ఆగలేదు. ఆ చువ్వల కిందికి నడిచి వెళ్లింది. నేను రానన్నట్టు ఇసుక కుప్ప దగ్గరే నిలబడిపోయాను. పిరికిది ఎవరో ఆ రోజు తేలిపోయింది. ఆమె ఈలన్న భుజాలు పట్టి కుదిపింది. ఆయన కళ్లు తెరిచి, నవ్వి, మళ్లీ మూసుకున్నాడు. పక్కన ఇటుకల మీద మా ఫ్లాస్కు ఉంది. మూత తీసి ఉంది. దాని పక్కనే జలుబు మాత్రల అట్ట.

వదిన వాటిని చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. తర్వాత ఈలన్న చంకల కింద చేతులేసి లాగడం మొదలుపెట్టింది. ఆయన బాగా లావు మనిషి. అప్పటికి నాకూ సిగ్గొచ్చి వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. తల పైన చువ్వలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. పైకి చూడకు, పైకి చూడకు అని వదిన నాకు చెబుతూనే ఉంది. గోడ దాటించి పడేశాక ఇద్దరం ఆ మట్టిలోనే కూలబడ్డాం. వాకీటాకీ నేను లాక్కుని, ఎక్కడ నొక్కాలో తెలియక అన్నీ నొక్కి, అన్నయ్యా కదపకు, ఈలన్న మా దగ్గరున్నాడు అని చెప్పాను.

సూపర్‌వైజరు వచ్చాడు. ఇంకో మనిషి సైగలు చేసి కట్టను దింపించాడు. బకెట్టు నీళ్లు మొహాన కొడితే ఈలన్నకు తెలివొచ్చింది. పనిలో నిద్రపోయినవాడికి ఇక్కడ చోటు లేదని సూపర్‌వైజరు ఆయన తలమీది హెల్మెట్టు తీసేస్తుంటే, వదిన ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"ఆయన నిద్రపోలేదండీ. నేనే నిద్రపుచ్చాను. ఆ ఫ్లాస్కు నాది."

మొత్తం చెప్పింది. అందరి ముందూ చెప్పింది. ఈలన్న తడిసిన తల తుడుచుకుంటూ నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు. ఆ టీ మూడేళ్ల నుంచీ తనే తాగుతున్నాడట. పైనున్నవాడు పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా చుక్క నీళ్లు ముట్టడు, ముడితే అవసరానికి దిగాలి, దిగి ఎక్కాలంటే ముప్పావుగంట, అంతసేపు సైటంతా ఆగిపోతుంది. క్రేను నడిపే ఏ మనిషైనా అంతేనట. భార్య ప్రేమగా ఇచ్చింది పారబోయలేక అన్నయ్య రోజూ ఎక్కే ముందు ఫ్లాస్కు ఈలన్న చేతిలో పెట్టేవాడు. సిమెంటు దుమ్ముకు ఈలన్నకు ముక్కు కారుతుంటే మాత్రలు కూడా మా ఇంటి నుంచే తెచ్చిచ్చాడు.

ఈలన్నను రెండు రోజులు ఇంటికి పంపారు, పనిలోంచి తియ్యలేదు. సిగ్నల్ లేనిదే పావుగంట సేపు లోడు కదపకుండా పట్టుకున్నాడని అన్నయ్యను సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. మధ్యాహ్నం దిగినప్పుడు అందరూ భుజం తట్టారట. మేమప్పటికే వచ్చేశాం.

సాయంత్రం వదిన వంట చేయలేదు. బాల్కనీలో నేలమీద కూర్చుని డబ్బా తర్వాత డబ్బాగా మొక్కల్ని మొదలు దాకా కత్తిరిస్తోంది. ఆ వాసనకు నాకు తల తిరిగింది. అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి దానిమీద కూర్చున్నాడు. ఆమె తల ఎత్తకుండానే, ఈ ఆకు మీ చేతుల కోసం వేశానండీ అని చెప్పింది. ఆరాకుల నుంచి దోసిళ్ల దాకా చెప్పింది. మూడేళ్లూ ఫ్లాస్కు ఖాళీగా వస్తే, పైన మీకు కాస్త నెమ్మదిగా ఉందనుకుని బతికాను అని చెప్పి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

అన్నయ్య కింద పడ్డ కొమ్మల్ని ఒక పక్కకు నెట్టాడు. తర్వాత అన్నాడు. "ఇవాళ అందరూ మెచ్చుకున్నారు. సిగ్నల్ లేదని ఆపాననుకున్నారు. నేను ఆపేసరికి ఈలన్న నిలబడే ఉన్నాడు. చేతులు వణికితే ఆపాను. నేను ఆపానని ఆయన కూర్చున్నాడు."

వదిన కత్తెర ఆగింది. "అంటే ఇవాళ కూడా వణికాయా?"

"రోజూ వణుకుతాయే. ఆపేస్తాను. తగ్గాక మళ్లీ మొదలెడతాను."

వదిన ఆయన కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, మట్టి అంటుతుందని కూడా చూడకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. అది కదలకుండా నిలకడగానే ఉంది. మర్నాడు పొద్దున ఏడింటికి ఆయన మళ్లీ నిచ్చెన ఎక్కాడు.